గవర్నరు రాయబారి యైన కథ

(నారాయణఖేడ్ గ్రంథాలయమున మేము చేసిన ఉపన్యాసపాఠము)



ఎల్లలు మారుట యననేమో మీ తాలూకావారికి మేము చెప్పనక్కరలేదు. 1956 వ సంవత్సరము వరకు నారాయణఖేడ్ బీదరు జిల్లాలో నుండెను. రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు జహీరాబాదుతోపాటు మెదకు జిల్లాలో చేరెను. 2016 నుండి సంగారెడ్డి జిల్లాకు చెందినది. ఊరు కదలలేదు, చెరువు కదలలేదు, పొలముగట్టు కదలలేదు. పైనున్న పేరు మాత్రము రెండుమార్లు మారినది. నేడు మేము చెప్పబోవు కథ ఒక ఊరిని గూర్చినది కాదు, ఒక మనిషిని గూర్చినది. ఆ మనిషి మారలేదు. ఆయన పేరు మారలేదు. ఆయన ఎవరి తరఫున మాటలాడెనో, ఎవరి మాటకు లోబడెనో, అది మాత్రము మారినది.

ఆయన సర్ ఆర్చిబాల్డ్ ఎడ్వర్డ్ నై. మద్రాసు రాజధానిని పాలించిన తెల్లవారి గవర్నర్లలో కడపటివాడు. ఆ కొలువు విడచిన సంవత్సరమే ఢిల్లీలో బ్రిటిషు హైకమిషనరై, అనగా రాయబారియై, కూర్చుండెను. ఏలినవాడే రాయబారమునకు వచ్చుట మన పురాణములలో లేదు. రాయబారము విఫలమైన పిదప యుద్ధము వచ్చుటయే అందు వినుచుందుము. ఇచ్చట యుద్ధము లేకయే దొరతనము ముగిసి, పిదప రాయబారము మొదలైనది. ఈ వింత ఎట్లు పొసగెనని మీ గ్రంథాలయములోని ఒక యువకుడు మమ్మడిగెను. ఆ ప్రశ్నకు బదులే ఈ ఉపన్యాసము.

నై దొర గొప్ప ఇంట పుట్టినవాడు కాడు. 1895 లో డబ్లిన్ నగరమున జన్మించెను. తండ్రి పటాలములో సార్జెంటు మేజరు. సైనికుల పిల్లలకై నడచు పాఠశాలలో చదివి, 1914 లో యుద్ధము రాగానే సామాన్య సిపాయిగా చేరెను. మరుసటి సంవత్సరము లీన్‌స్టర్ రెజిమెంటులో అధికారి యయ్యెను. అది ఐర్లండు పటాలము. 1922 లో ఐర్లండు స్వతంత్ర రాజ్యము కాగా ఆ పటాలమునే రద్దుచేసి, దాని జెండాలను విండ్సరు కోటలో భద్రపరచిరి. ఇరువదియేడేండ్ల వయసుననే ఈయన సామ్రాజ్యము ఒక అడుగు వెనుకకు వేయుట కన్నులార చూచెననుట మీరు జ్ఞాపకముంచుకొనవలెను. పుట్టిన ఊరు పరదేశ మయ్యెను, చేరిన పటాలము చరిత్రలో కలిసెను. పిదప వేరొక పటాలమునకు మారి, నడుమ న్యాయశాస్త్రము చదివి బారిస్టరు పట్టము పొంది, 1939 లో వాయవ్య సరిహద్దున నౌషెరా బ్రిగేడునకు నాయకుడై, చర్చిల్ ప్రధాని కంటబడి, 1941 డిసెంబరులో సామ్రాజ్య సేనాకార్యాలయమున రెండవ స్థానము నందుకొనెను.

ఆ కాలపు ముచ్చట ఒకటి చెప్పక తప్పదు. 1943 లో ఇంగ్లీషువారు ఒక శవమునకు అధికారి దుస్తులు తొడిగి, చేతిసంచిలో రహస్యపు ఉత్తరము లుంచి, స్పెయిను తీరమున నీట విడిచిరి. దాడి సిసిలీ మీద కాదు, గ్రీసు మీద అని శత్రువు నమ్మవలెనని ఎత్తు. ఆ సంచిలోని ముఖ్యమైన ఉత్తరము నై దొర అలెగ్జాండరు సేనానికి వ్రాసినట్లున్నది. ఇతరులు కూర్చిన నమూనాలు సహజముగ లేవని, తుదకు దానిని ఆయనచేతనే వ్రాయించిరి. జర్మనులు నమ్మిరి. జూలై 10 న సేనలు సిసిలీలో దిగెను. ఇట్టి ఉత్తరము వ్రాసిన చేయి పిదప రాయబారపు ఉత్తరములు వ్రాసెనని తలచినప్పుడు మాకు నవ్వు వచ్చును. అయితే ఢిల్లీలో ఆయన వ్రాసిన వానికి నిజమే ఎక్కువ అక్కర కలిగెను.

1946 మే నెలలో ఆయన మద్రాసునకు గవర్నరుగా వచ్చెను. అప్పటి స్థితి ఎట్టిదో కొంచెము వివరింతుము. 1939 అక్టోబరులో కాంగ్రెసు మంత్రివర్గము రాజీనామా చేసిన నాటినుండి ఆరున్నర సంవత్సరములు ఆ రాజధానిలో మంత్రులు లేరు. 1935 చట్టములోని 93 వ సెక్షనును అనుసరించి గవర్నరు తన సలహాదారులతో తానే పాలించెను. శాసనసభ యున్నను తలుపులు మూసియుండెను. శ్రీకాకుళము మొదలు తిన్నెవెల్లి వరకు ఒక తెల్లదొర సంతకమే చట్టము. 1946 ఏప్రిల్ 30 న టంగుటూరి ప్రకాశంపంతులుగారు ప్రధానమంత్రి కాగా ఆ సెక్షను కాలము ముగిసెను. నై దొర సముద్రము దాటి వచ్చునప్పటికి ఆయన కొరకు కాచియున్న కుర్చీ పాతదే. అందలి కోరలు మాత్రము ఊడిపోయినవి.

పూర్తిగా ఊడినవని చెప్పరాదు. అల్పసంఖ్యాకుల విషయమున, శాంతిభద్రతల విషయమున గవర్నరునకు ప్రత్యేక బాధ్యతలు చట్టములో నుండనే యుండెను. మరియు నాటి ఓటర్లు ఆస్తి, పన్ను, చదువు గలవారే. కూలివాని కోటు లేదు. కావున ప్రకాశముగారి సభ దేశమంతటికి ప్రతినిధి యనుట అతిశయోక్తి. అయినను ఆ సభ ముందు మంత్రి నిలిచి సమాధానము చెప్పవలసి వచ్చెను. 1947 జనవరిలో కమ్యూనిస్టుల పైకి వచ్చిన ఆర్డినెన్సును తీసికొనుడు. విచారణ లేక నిర్బంధించు అధికార మిచ్చిన ఆ కాగితముపై సంతకము గవర్నరుది. ప్రజలు దానిని ఏమని పిలిచిరి? "ప్రకాశం ఆర్డినెన్సు" అని పిలిచిరి. నై ఆర్డినెన్సు అని ఎవరు ననలేదు. ఆ ఆర్డినెన్సును మేము మెచ్చుకొనజాలము. స్వరాజ్యము కొరకు జైలులకు పోయినవారు విచారణలేని జైలును తెరచుట మాకు రుచింపదు. కాని నింద ఎవరిపై పడెనో చూడుడు. నింద పడుచోటనే అధికార మున్నదని గ్రహింపవలెను. పది సంవత్సరములకు పూర్వమైనచో ఆ నింద తిన్నగా గవర్నరు బంగళాకే పోయియుండును.

1947 మార్చిలో ప్రకాశముగారు పదవి కోల్పోగా ఓమందూరు రామస్వామిరెడ్డియారుగారు ప్రధాని యైరి. హరిజనుల దేవాలయ ప్రవేశమునకు చట్టము వచ్చెను. దేవదాసీల సమర్పణను నిషేధించు చట్టము వచ్చెను. జమీందారీ రైతుల శిస్తు తగ్గించు చట్టము వచ్చెను. కంపెనీవారు 1802 లో కట్టిన శాశ్వత పరిష్కారము పునాదులు కదలుచుండగా, కంపెనీ వారసుడైన కడపటి గవర్నరు చూచుచు కూర్చుండెను. ఇవి ఆయన హయాములోనివే గాని ఆయన చేసినవి కావు. ఆయన ఘనత యెచ్చటనున్నదనగా, అడ్డు రాకుండుటయందు. ఏలుటకు అలవాటు పడినవానికి ఊరకుండుట సులభమని మీరనుకొనుచున్నారా?

1947 ఆగష్టు 15 న దాదాపు గవర్నరులందరు మారిరి. తెల్లవారిలో నిలిచినవారు ఇరువురే: బొంబాయిలో సర్ జాన్ కొల్విల్, మద్రాసులో సర్ ఆర్చిబాల్డ్ నై. కొల్విల్ దొర 1948 జనవరిలో వెడలిపోయెను. నై దొరను ఉండుమని కోరినవారు నెహ్రూగారు. ఇందు కొందరు దేశభక్తులకు మనసు నొచ్చెను. స్వరాజ్యము వచ్చియు తెల్లదొర బంగళా ఖాళీ కాదా యని. వారి బాధను మేము తేలికగా కొట్టివేయము. అయితే ఆగష్టు 14 నాటి గవర్నరునకు ఉద్యోగ మిచ్చినది లండను. 15 నాటి గవర్నరును ఉంచినది ఢిల్లీ. మంత్రుల సలహాను కాదని తన బుద్ధిచే నడచు అధికారములను ఆ దినముతో చట్టమునుండి తీసివేసిరి. అదే మనిషి, అదే మెట్లు, అదే బంట్రోతు. పొమ్మని చెప్పు హక్కు మాత్రము చేతులు మారినది.

ఇక సరిహద్దు నీవలకు రండు. అదే ఆగష్టు 15 న నారాయణఖేడ్ లో ఏమి జరిగినది? ఇచ్చట తెల్లదొర లేడు. నిజాము ఈ నేలపై పుట్టినవాడే. ఆయన వంశము రెండు శతాబ్దములకు పైగా ఇచ్చటనే యున్నది. అధికారులు నల్లవారే, పటేలు పట్వారీలు ఊరివారే. అయినను ఆనాడు ఈ తాలూకాలో త్రివర్ణపతాకము నెత్తుట నేరము. స్వామి రామానందతీర్థగారిని ఆ దినముననే నిర్బంధించిరి. నవంబరు 29 న కుదిరిన యథాతథపు టొడంబడిక కాగితముగానే మిగిలెను. రజాకారుల తాకిడికి గ్రామములు ఖాళీయై, జనము బెజవాడకు, కర్నూలునకు, షోలాపూరునకు పరుగిడిరి. తెల్ల గవర్నరున్న సీమలోనికి నల్ల రాజున్న సీమనుండి ప్రజలు ప్రాణములు కాచుకొనుటకు పోయిరి! చర్మపు రంగును బట్టి స్వాతంత్ర్యమును కొలుచువారు ఈ ఒక్క దృశ్యమును కన్నుల ముందు నిలుపుకొనవలెనని మా మనవి.

1948 సెప్టెంబరు మొదటి వారమున నై దొర మద్రాసు విడచెను. భావనగరు మహారాజు కృష్ణకుమారసింహజీగారు ఆ స్థానమునకు వచ్చిరి. ఒక వారము గడచునో లేదో, 13 వ తేదీన భారతసేనలు నిజాము రాజ్యములో ప్రవేశించెను. షోలాపూరునుండి బయలుదేరిన ముఖ్యదళము మీ పొరుగుననున్న జహీరాబాదు మీదుగనే రాజధానికి సాగెను. 17 న నిజాము లొంగెను. ఆ పిదప ఈ బీదరు జిల్లాలో, ఉస్మానాబాదు, గుల్బర్గా, నాందేడు జిల్లాలలో నిరపరాధులైన మహమ్మదీయులపై జరిగిన ఘోరములను ఆ సంవత్సరాంతమున పండిత సుందరలాల్‌గారి బృందము తిరిగి చూచి ప్రభుత్వమునకు తెలిపెను. రజాకారులు చేసినదానిని చెప్పి దీనిని దాచుట ధర్మము కాదు. ఆ నివేదికను చర్చించుటకు ఈ రాజ్యమున శాసనసభ లేకుండెను. అది ఏండ్ల తరబడి ప్రజలకు చేరక మరుగున పడియుండెను.

ఢిల్లీలో నై దొరకు దొరకిన బిరుదు హైకమిషనరు. రాయబారి యని ఏల యనరాదని మీకు సందేహము కలుగవచ్చును. రాయబారి యనగా ఒక రాజు మరియొక రాజునకు పత్రమిచ్చి పంపు మనిషి. 1948 లో మన దేశము స్వతంత్రమైనను, నామమాత్రమునకు ఆరవ జార్జియే రెండు దేశములకును రాజు. తనకు తానే పత్రమెట్లు వ్రాసికొనును? కావున వేరొక పేరు పెట్టిరి. పేరు వేరైనను పని రాయబారపు పనియే. ఆ పనిలో కొత్తదన మేమనగా, నిన్నటివరకు ఫైలుపై "ఇట్లు చేయుడు" అని వ్రాసిన చేయి నేడు "ఇట్లు చేయుదురా?" అని అడుగవలెను. కాదన్నచో నమస్కరించి తిరిగి రావలెను.

అడుగవలసిన సంగతులు చిన్నవి కావు. యుద్ధకాలమున మన దేశమునుండి ధాన్యము, గుడ్డ, మందుగుండు, మనుష్యులను వాడుకొని, వెలకు బదులుగా లండనులో చిట్టాలో జమ వ్రాసిరి. స్వాతంత్ర్యము వచ్చునాటికి ఆ బాకీ సుమారు 116 కోట్ల పౌనులు. మన లెక్కలో 1,550 కోట్ల రూపాయలకు దగ్గర. ఆ మొత్తము వెనుక 1943 నాటి వంగదేశపు కరవు కూడ దాగియున్నది. కాబట్టి నై దొర ఢిల్లీలో కూర్చున్నది ఋణగ్రస్తుని తరఫున. బాకీ ఒక్కసారి ఇయ్యలేము, వాయిదాలమీద విడుదల చేయుదుమని లండను అనుచుండెను. అయినను ముడి ఇంకను తెగలేదు: 1949 సెప్టెంబరులో పౌను విలువను వారు నూటికి ముప్పది తగ్గించుకొనగా, మన రూపాయియు దాని వెంటనే దిగెను. గవర్నరు పోయినను ద్రవ్యపు త్రాడు మిగిలియుండె నన్నమాట.

అన్నిటికంటె పెద్ద సంగతి కామన్వెల్తు. భారతదేశము గణతంత్ర మగుటకు నిశ్చయించుకొన్నది, రాజు వద్దు. రాజు లేనిచో ఆ కూటమిలో చోటెట్లు? 1949 ఏప్రిల్ చివర లండనులో ప్రధానులు కూడి మార్గము కనుగొనిరి. భారతదేశమునకు ఆయన రాజు కాడు. స్వతంత్ర దేశముల స్వేచ్ఛాసాంగత్యమునకు గుర్తు మాత్రమే. ఆ నెలలోనే, ఏప్రిల్ 18 న, ఐర్లండు పూర్తి గణతంత్రమై కామన్వెల్తును విడిచిపోయెను. డబ్లిన్‌లో పుట్టిన మనిషి ఢిల్లీలో బ్రిటను ప్రతినిధి. ఆయన పుట్టిన ఊరు సెలవు పుచ్చుకొన్నది. ఆయన ఏలిన దేశము తన షరతులపై నిలిచినది. ఒకే పక్షములో ఈ రెండు వార్తలను చూచిన ఆ మనిషి ఏమనుకొనెనో మనకు తెలియదు. ఊహించుటకు మాత్రము మాకు ముచ్చటగనున్నది.

అప్పుడు కామన్వెల్తును వదలివేయవలసినదని వాదించినవారు మన పక్షమున కలరు. వారు తెలివితక్కువవారు కారు. ఋణదాతయు ఋణగ్రస్తుడును ఒక పందిట కూర్చుండుట ఋణగ్రస్తునికే లాభమని వారి తర్కము. మేము మాత్రము విడిచిపోవు స్వేచ్ఛ యున్నంతవరకు నిలిచియుండుట దాస్యము కాదనుకొందుము. 1935 నాటి భారతదేశమునకు ఆ స్వేచ్ఛ లేదు. 1949 నాటి దానికి కలదు.

మీ యువకుని ప్రశ్నలో రెండవ సగము ఇంకను మిగిలియున్నది. ఏలినవాడు రాయబారి యగుట తెల్లవారికే జరిగెనా? కాదు; మరి మీ తాలూకాను ఏలినవారిలోనే అట్టివారొకరు కలరు. మలబారు ప్రాంతీయులైన ఎం. కె. వెల్లోడిగారు. ఆయన బ్రిటిషువారి ఐ.సి.ఎస్. ఉద్యోగి. యుద్ధానంతరము లండనులో భారత హైకమిషనరు కార్యాలయమున ఉపకమిషనరుగా పనిచేసెను. 1948 లో కాశ్మీరు వ్యవహారము భద్రతాసమితికి పోయినప్పుడు మన ప్రతినిధివర్గములో నుండెను. 1950 జనవరి 26 న దేశము గణతంత్ర మైన దినముననే హైదరాబాదు రాష్ట్రమునకు ముఖ్యమంత్రి యయ్యెను. ఎవరు ఎన్నుకొనిరి? ఎవరు ఎన్నుకొనలేదు, ఢిల్లీ నియమించెను. రాజప్రముఖుడుగా నిజామే పైన నుండెను.

ఈ వింతను గమనింపుడు. మద్రాసులో తెల్లవాడు అధికారము లేక పేరునకు గవర్నరుగా నుండెను. హైదరాబాదులో మనవాడు ఒక్క ఓటు లేక రాష్ట్రమును పాలించెను. వెల్లోడిగారు చెడ్డవారని మేమనము. ఆ కాలముననే 1950 కౌలుదారీ చట్టము వచ్చెను. రక్షిత కౌలుదారుడను మాట నేటికిని ఈ ప్రాంతపు పాత కాగితములలో కనబడును. దానికి ముందే, సైనిక గవర్నరు చౌధురీగారి కాలమున, 1949 ఆగష్టులో జాగీర్లు రద్దయ్యెను. 1950 జూన్ నుండి బూర్గుల రామకృష్ణారావుగారు మొదలగు కాంగ్రెసువారు మంత్రులుగా చేరిరి. కాని బయటినుండి వచ్చిన ఉద్యోగులు పెక్కుమంది కుర్చీలలో కూర్చుండిరని, స్థానికులకు చోటు లేదని ప్రజలు మొరపెట్టిరి. ఆ మొర వినుటకు సభ ఏది? వినువాడు లేని మొర లోలోపల రగిలి, 1952 సెప్టెంబరులో ముల్కీ ఉద్యమమై హైదరాబాదు వీధులలో ప్రజ్వరిల్లెను. తుపాకులు మ్రోగెను, ప్రాణములు పోయెను. అప్పటికి వెల్లోడిగారు లేరు. ఎన్నికైన ప్రభుత్వమే ఆ నింద మోయవలసి వచ్చెను. ఆర్డినెన్సు నింద ప్రకాశముగారిపై సరిగా పడెనని ఇంతకుముందు చెప్పితిమి. ఇచ్చట ఒకరు విత్తినది మరియొకరి తలపై మొలచెను. నియమింపబడిన పాలనలోని కీడు ఇదియే. లెక్క అడుగువేళకు లెక్క వ్రాసినవాడు ఊరిలో నుండడు.

వెల్లోడిగారు పిదప 1957 లో కేంద్ర మంత్రివర్గ కార్యదర్శి యైరి. ఆ తరువాత స్విట్జర్లాండునకు మన రాయబారిగా పోయిరి. అట్లే నిజాము కొలువులోని అలీ యావర్ జంగుగారు ఉస్మానియా విశ్వవిద్యాలయమును నడిపి, భారత రాయబారియై కైరో, పారిసు, వాషింగ్టను నగరములలో పనిచేసిరి. పాత కొలువులలో నేర్చిన విద్యను కొత్త రాజ్యము వ్యర్థము చేయలేదు. ఫైలు చదువుట, మాట తూచి పలుకుట, ఎదుటివాని కోపమును తన ముఖమున కనబడనీయకుండుట, ఇవి దొరతనమున ఎంత పనికివచ్చునో రాయబారమున అంతకు రెట్టింపు పనికివచ్చును. యువకుని వింత కింతకంటె రహస్య మేమియు లేదు.

1952 లో నై దొర ఢిల్లీనుండి కెనడాకు మారెను. కెనడాలో హైకమిషనరుగా నున్న క్లటర్‌బక్ దొర ఢిల్లీకి వచ్చెను. ఇద్దరు ఇండ్లు మార్చుకొన్నట్లు. ఒట్టావాలో 1956 వరకు పనిచేసి, ఇంటికి పోయి, 1967 నవంబరులో చనిపోయెను. మద్రాసులో ఆయన ఏలిన జనములో ఆనాడు ఆ వార్త చూచి తల యెత్తినవారు ఎందరో చెప్పలేము.

ఆయన ఢిల్లీ విడచిన ఆ 1952 సంవత్సరపు ఆరంభముననే ఈ తాలూకాలో చావడులముందు జనము వరుసలు కట్టిరి. తెలుగువారు, కన్నడమువారు, మరాటీవారు, ఉర్దూవారు. భూమి గలవాడు, వెట్టి చేసినవాడు. ఘోషా విడచి వచ్చిన స్త్రీలు. ఇరువదియొక్క సంవత్సరములు నిండినవారి కందరికి చెరియొక చీటి. మార్చి 6 న వెల్లోడిగారు బూర్గులవారికి కొలువు అప్పగించి వెడలిపోయిరి.